మాక్యులా జబ్బుకు కరెంటు చికిత్స: ఒకే పేరు కింద మూడు వేరువేరు పనులు

2025 అక్టోబరులో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. పెద్ద వయసులో నడిమి చూపు పోగొట్టుకున్నవాళ్లు, కంటి లోపల అమర్చిన 2 మిల్లీమీటర్ల చిప్ సాయంతో మళ్లీ అక్షరాలు చదివారని. ఆ వార్త నిజమే. దాని వెనకాలే ఇంకో రకం మాటలు కూడా జోరుగా వినిపిస్తున్నాయి. కళ్ల చుట్టూ కాస్త కరెంటు పెడితే చూపు తిరిగొస్తుందట, ఇంజెక్షన్లు అక్కర్లేదట, ఇంట్లోనే వాడుకునే మెషీన్లు ఉన్నాయట. వినేవాళ్లకు ఇదంతా ఒకే చికిత్స గురించిన కబురులా అనిపిస్తుంది.

కానీ ఇవి మూడు వేరువేరు పనులు. ఒకటి, ఇంకా బతికున్న కణాలకు బలం ఇవ్వాలని చూస్తుంది. రెండోది నరాన్ని, మెదడును కదిలించాలని చూస్తుంది. మూడోది చచ్చిపోయిన కణాల పనిని చిప్‌తో చేయిస్తుంది. ఒకదానికి దొరికిన రుజువు ఇంకోదానికి పనికిరాదు. అందుకే ఎవరైనా 'కంటికి కరెంటు పెట్టించుకుంటే మంచిదట' అన్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ కరెంటు ఏ కణాల కోసం, ఆ కణాలు ఇంకా బతికున్నాయా?

మాక్యులాలో అసలేం జరుగుతుంది

కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకున్న పలచని పొర రెటీనా. దాని నడిమి భాగం మాక్యులా, అడ్డంగా కొలిస్తే సుమారు 5.5 మిల్లీమీటర్లు. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషి మొహం పోల్చుకోవడం లాంటి సూక్ష్మమైన చూపంతా ఇక్కడిదే. పక్కల నుంచి కనబడే చూపు మిగతా రెటీనాది.

వెలుగును పట్టుకునే కణాలను ఫోటోరిసెప్టర్లు అంటారు. శరీరంలో ఎక్కువ శక్తి ఖర్చు చేసే కణజాలాల్లో రెటీనా ఒకటి. ఫోటోరిసెప్టర్లు తమ కొసల్లోని పాత పదార్థంలో దాదాపు పదో వంతు రోజూ రాల్చేసి, కొత్తది తయారు చేసుకుంటాయి. రాలిన చెత్తను తినేసి శుభ్రం చేసే కణాల పొర వాటి వెనకే ఉంటుంది. దాన్ని ఆర్‌పీఈ అంటారు. ఒక్కో ఆర్‌పీఈ కణం సుమారు 30 ఫోటోరిసెప్టర్ల బాగోగులు చూస్తుంది, అదీ జీవితాంతం. వయసు పెరిగేకొద్దీ ఈ శుభ్రం చేసే పని మందగిస్తుంది. తేలని చెత్త ఆర్‌పీఈ కింద పసుపు చుక్కల్లా పేరుకుంటుంది. వీటినే డ్రూసెన్ అంటారు. కొందరిలో ఆ దశ దాటి ఆర్‌పీఈ, దాన్ని నమ్ముకున్న ఫోటోరిసెప్టర్లు చచ్చిపోతాయి. ఇదే వయసుతో వచ్చే మాక్యులా క్షీణత, పొట్టిగా ఏఎండీ. 2020 నాటికి ప్రపంచంలో 19.6 కోట్ల మందికి ఏదో ఒక దశలో ఈ జబ్బు ఉంటుందని 2014లో వచ్చిన ఒక పెద్ద అంచనా చెప్పింది.

జబ్బు రెండు రకాలు. ఎక్కువమందికి ఉండేది పొడి రకం. అది ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది. ముదిరినప్పుడు మాక్యులాలో కణాలు పూర్తిగా పోయిన మచ్చ ఏర్పడి, క్రమంగా పాకుతుంది. దీన్ని జియోగ్రాఫిక్ అట్రోఫీ అంటారు. తడి రకం తక్కువమందికి వస్తుంది కానీ వేగంగా దెబ్బ తీస్తుంది. రెటీనా కింద పిచ్చిమొక్కల్లా కొత్త రక్తనాళాలు మొలిచి, కారి, వారాల్లోనే చూపును పాడు చేయగలవు. పొడి రకం ఉన్న కన్ను ఎప్పుడైనా తడి రకంలోకి మారవచ్చు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏఎండీలో చచ్చేది ముఖ్యంగా ఆర్‌పీఈ, ఫోటోరిసెప్టర్లు. వాటి సంకేతాన్ని అందుకుని మెదడుకు పంపే లోపలి కణాలు, అంటే బైపోలార్, గ్యాంగ్లియన్ కణాలు, చాలావరకు మిగిలే ఉంటాయి. కరెంటు చికిత్సల కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఉన్న వైద్యం ఎక్కడ ఆగిపోతోంది

తడి రకానికి 2006 నుంచి మంచి మందులు ఉన్నాయి. రక్తనాళాలు మొలిచేలా చేసే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు అవి. కంట్లో సూది అంటే ఎవరికైనా టెన్షనే, పైగా మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. అయినా అవి చూపును కాపాడతాయని గట్టిగా రుజువైంది.

పొడి రకం దగ్గరే ఖాళీ ఉంది. మధ్య దశలో ఉన్నవాళ్లకు విటమిన్ సి, ఇ, జింకు, రాగి, ల్యూటిన్, జియాజాంథిన్ కలిసిన మాత్రలు ఐదేళ్లలో జబ్బు ముదిరే ముప్పును నాలుగో వంతు మేర తగ్గించగలవు. అవి పోయిన చూపును తేలేవు. ముదిరిన మచ్చకు అమెరికాలో 2023లో రెండు ఇంజెక్షన్లకు అనుమతి వచ్చింది, పెగ్‌సెటాకోప్లాన్, అవాసిన్‌క్యాప్టాడ్ పెగాల్. అవి మచ్చ పాకే వేగాన్ని కొంత తగ్గిస్తాయి, అంతే. మచ్చ నెమ్మదించినా రోగికి రోజువారీ చూపులో మేలు కనబడలేదంటూ యూరప్ మందుల సంస్థ 2024లో పెగ్‌సెటాకోప్లాన్‌కు అనుమతి ఇవ్వలేదు.

'చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి' అన్న మాట విని బయటకు వచ్చిన మనిషి ఇంకో దారి వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. ప్రత్యామ్నాయ చికిత్సల వైపు వెళ్లేవాళ్లను అమాయకులని కొట్టిపారేయడం నాకు నచ్చదు. వైద్యం చేతులెత్తేసిన చోటే ఆ అంగళ్లు తెరుచుకుంటాయి.

కరెంటుకీ కంటికీ ఉన్న పాత సంబంధం

రెటీనా మామూలుగానే కరెంటుతో నడిచే అవయవం. చీకట్లో ఫోటోరిసెప్టర్లలోకి విద్యుదావేశం ఉన్న అయాన్లు ప్రవహిస్తూ ఉంటాయి. వెలుగు పడగానే ఆ ప్రవాహం తగ్గుతుంది. ఆ తగ్గుదలే 'వెలుగు వచ్చింది' అన్న సంకేతం. కాబట్టి బయటి నుంచి కరెంటు ఇస్తే కన్ను స్పందించడంలో వింతేమీ లేదు. 1755లో ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ లెరాయ్ ఒక చూపులేని మనిషి తల చుట్టూ తీగ చుట్టి, లేడెన్ జాడీలో నిల్వ చేసిన కరెంటును పంపాడు. ఆ మనిషికి మంటలాంటి వెలుగు కనబడింది. చూపు మాత్రం రాలేదు.

అలా వెలుగు లేకుండానే కనబడే మెరుపులను ఫాస్ఫీన్లు అంటారు. లెరాయ్ ప్రయోగంలోని పాఠం ఇప్పటికీ చెల్లుతుంది: కరెంటుకు కన్ను స్పందించింది అంటే జబ్బు నయమవుతోందని అర్థం కాదు.

మొదటి పని: బతికున్న కణాలకు ఊతం ఇవ్వడం

ప్రకటనల్లో ఎక్కువగా కనబడేది మైక్రోకరెంట్. ఒక ఆంపియర్‌లో పదిలక్షో వంతు మైక్రోఆంపియర్. 1000 మైక్రోఆంపియర్ల లోపు ఇచ్చే కరెంటును సాధారణంగా మైక్రోకరెంట్ అంటారు. మూసిన రెప్పల మీద, కంటి గుంట ఎముక చుట్టూ కొన్ని చోట్ల ఎలక్ట్రోడ్ ఆనిస్తారు. చాలాసార్లు రోగికి ఏమీ తెలియదు. దీనికి దగ్గరిదే ఇంకో పద్ధతి, నల్లగుడ్డు మీది కార్నియాకు సన్నని దారం లాంటి ఎలక్ట్రోడ్ తగిలించి, వారానికోసారి అరగంట పాటు కరెంటు ఇవ్వడం. దీన్ని ట్రాన్స్‌కార్నియల్ స్టిమ్యులేషన్ అంటారు. జర్మనీలో తయారైన ఇలాంటి ఒక పరికరానికి యూరప్‌లో అమ్ముకోవడానికి కావాల్సిన సీఈ గుర్తు ఉంది. అయితే అది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జన్యుపరమైన జబ్బు కోసం. ఏఎండీ కోసం కాదు.

ఈ ఆలోచన గాలిలోంచి పుట్టలేదు. 1982లో ఎలుక చర్మం మీద చేసిన ఒక ప్రయోగంలో, కొద్దిపాటి కరెంటు ఇచ్చినప్పుడు కణాలకు ఇంధనంలా పనిచేసే ఏటీపీ ఉత్పత్తి బాగా పెరిగింది. కరెంటు మరీ పెంచితే ఆ లాభం పోయింది. 2005లో జపాన్‌లో తకేషి మొరిమొతో బృందం ఎలుకల్లో కంటినరం కోసి, కార్నియా ద్వారా కరెంటు ఇచ్చి చూసింది. మామూలుగా చచ్చిపోవాల్సిన గ్యాంగ్లియన్ కణాల్లో కొన్ని బతికాయి. కణాల ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే ప్రోటీన్ వల్ల అది జరిగినట్టు తేలింది. మనుషుల్లోనూ ఒక సూచన దొరికింది. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న ఆరుగురికి రెటీనా కింద సిలికాన్ చిప్‌లు అమర్చిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. చిప్ పెట్టిన చోట కాదు, దానికి దూరంగా ఉన్న రెటీనాలో చూపు మెరుగైంది. చిప్ నుంచి వచ్చే సన్నని కరెంటు చుట్టుపక్కల కణాలకు పోషణలా పనిచేసి ఉంటుందని ఆ పరిశోధకులు అన్నారు.

ఇవన్నీ నిజమైన పరిశోధనలే. కానీ ఏఎండీకి వర్తింపజేసేటప్పుడు నెమ్మదిగా చూడాలి. ఎలుక చర్మం మనిషి మాక్యులా కాదు. మొరిమొతో కాపాడింది గ్యాంగ్లియన్ కణాలను, ఏఎండీలో పోయేవి ఫోటోరిసెప్టర్లు, ఆర్‌పీఈ. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. రెప్ప మీద పెట్టిన కరెంటు చర్మం గుండా, కన్నీటి తడి గుండా, కంటి చుట్టూ ఉన్న కండరాల గుండా చెదిరిపోతుంది. వెనక ఉన్న మాక్యులాకు ఎంత చేరుతుందన్నది ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారు, ఎంత కరెంటు ఇచ్చారు, సెకనుకు ఎన్నిసార్లు దిశ మార్చారు అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. ఒక పరికరంతో వచ్చిన ఫలితాన్ని ఇంకో పరికరానికి అంటగట్టలేకపోవడానికి కారణం ఇదే.

ఇక మచ్చ సంగతి. మైక్రోకరెంట్ అనుకున్నట్టే పనిచేసినా, సాయం అందేది నీరసించిన కణాలకు. పూర్తిగా చచ్చిన చోట సాయం అందుకోవడానికి కణమే లేదు. మచ్చ మధ్యలో చూపు తెస్తామని ఎవరైనా మైక్రోకరెంట్ అమ్ముతుంటే, ఆ మాట ఆ పద్ధతి వెనక ఉన్న సిద్ధాంతానికే సరిపోదు.

మనుషుల్లో జరిగిన పరీక్షలు ఏం చెప్పాయి

పొడి ఏఎండీ మీద మైక్రోకరెంట్ అధ్యయనాలు చాలా ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం చిన్నవి. కొన్నిటిలో పోల్చి చూడటానికి రెండో గుంపే లేదు. చికిత్సకు ముందు, తర్వాత చూపు కొలిచే అక్షరాల చార్టు చదివించి తేడా రాశారు. 2013లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం అంతకంటే మెరుగైనది. అందులో 22 మందిని అసలు చికిత్స, ఉత్తుత్తి చికిత్స అని రెండు గుంపులు చేసి, ఐదు రోజుల పాటు చికిత్స ఇచ్చారు. అసలు కరెంటు అందిన గుంపులో చూపు కొంత మెరుగైంది. 2023లో కెనడా నుంచి వచ్చిన ఇంకో పరీక్షలోనూ ఉత్తుత్తి గుంపు ఉంది. అక్కడా చికిత్స తీసుకున్నవాళ్లు చార్టు మీద సగటున కొన్ని అక్షరాలు ఎక్కువ చదివారు.

ఉత్తుత్తి చికిత్స అంటే మోసం కాదు. మెషీన్ అదే, ఎలక్ట్రోడ్లు అవే, సమయం అంతే, కరెంటు మాత్రం ఉండదు. ఎవరికి ఏది అందిందో రోగికి, చార్టు చదివించేవాళ్లకు తెలియకుండా చూస్తారు. ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే చార్టు దగ్గరికి వెళ్లాలి.

ఆరు అక్షరాలు పెరిగితే చూపు పెరిగినట్టేనా

పరిశోధనల్లో వాడే ఈటీడీఆర్‌ఎస్ చార్టులో వరసకు 5 అక్షరాలు ఉంటాయి. ఒక ఊహాత్మక రోగిని తీసుకుందాం. ఆవిడ మొదటిసారి 55 అక్షరాలు చదివింది. వారం తర్వాత, ఏ చికిత్సా లేకుండానే, 61 చదివింది. ఇంకో వారానికి 52. మాక్యులాలో మచ్చ ఉన్నవాళ్లకు ఇది మామూలే. అక్షరం ఒకసారి మచ్చలో పడి మాయమవుతుంది, మెడ కాస్త తిప్పితే అంచున దొరుకుతుంది. ఏఎండీ ఉన్నవాళ్లలో ఈ హెచ్చుతగ్గులను కొలిచి 2008లో వెలువరించిన ఒక అధ్యయనం, ఒక మనిషిలో 12 అక్షరాల దాకా వచ్చే మార్పును జబ్బులో నిజమైన మార్పుగా లెక్కేయలేమని తేల్చింది. అంటే 'నేను ఆరు అక్షరాలు ఎక్కువ చదివాను' అన్నది ఆవిడ విషయంలో అబద్ధం కాదు, కానీ రుజువూ కాదు.

అందుకే గుంపుల సగటు చూస్తారు. లెక్క కోసం 40 మంది అనుకుందాం. 20 మందికి కరెంటు, 20 మందికి ఉత్తుత్తిది. నెల తర్వాత కరెంటు గుంపు సగటున 6 అక్షరాలు ఎక్కువ చదివింది. ఉత్తుత్తి గుంపు 4. ప్రకటనలో పడేది '6 అక్షరాల మెరుగుదల'. కరెంటు ఖాతాలో వేయదగ్గది 2. ఇంకోలా లెక్కేస్తే, మొదటి గుంపులో 10 మందికి 5 అక్షరాలకు మించి మెరుగైంది, రెండో గుంపులో 7 మందికి. 'సగం మందికి పనిచేసింది' అన్న వాక్యం తప్పు కాదు. కానీ 20 మందిలో కరెంటు వల్ల తేడా కనబడింది ముగ్గురికి. 20 మంది గుంపులో ముగ్గురి తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు.

కరెంటే లేని గుంపుకు 4 అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి? చాలామంది చూపు బాగా లేదని బెంగపడ్డ రోజుల్లోనే పరీక్షలో చేరతారు. తర్వాత కొలిచేసరికి వాళ్ల మామూలు స్థితి తిరిగొస్తుంది. రెండోసారి చార్టు ముందు కూర్చున్నప్పుడు బెరుకు తగ్గుతుంది, ఇంకాస్త ప్రయత్నిస్తారు, 'తెలియదు' అనే బదులు ఊహించి చెబుతారు. మచ్చ పక్కనుంచి చూడటం కూడా అలవాటవుతుంది. ఇది నిజంగానే పనికొచ్చే నైపుణ్యం, తక్కువ చూపు ఉన్నవాళ్లకు దీన్ని ప్రత్యేకంగా నేర్పిస్తారు కూడా. కానీ అది కరెంటు ఘనత కాదు.

గట్టి రుజువు ఎలా ఉంటుందో తడి రకం ఇంజెక్షన్ల పరీక్షలో చూడవచ్చు. రానిబిజుమాబ్ మీద జరిగి 2006లో వెలువడిన మెరీనా పరీక్షలో 716 మంది ఉన్నారు, రెండేళ్లు నడిచింది. ఏడాది గడిచేసరికి 15 అక్షరాల కంటే తక్కువ నష్టంతో బయటపడినవాళ్లు ఇంజెక్షన్ గుంపుల్లో దాదాపు 95 శాతం, ఉత్తుత్తి గుంపులో 62 శాతం. 15 లేదా అంతకు మించి అక్షరాలు లాభపడినవాళ్లు ఇంజెక్షన్ గుంపుల్లో మోతాదును బట్టి 25 నుంచి 34 శాతం, ఉత్తుత్తి గుంపులో 5 శాతం. మైక్రోకరెంట్‌కు ఇంత పెద్ద, ఇంత కాలం నడిచిన పరీక్ష ఇంకా లేదు.

రెండు పక్షాల మాటలోనూ బలం ఉంది

మైక్రోకరెంట్ మీద నమ్మకం ఉన్న పరిశోధకులు అనేది ఇది: ఇది కోత లేని, సూది లేని పద్ధతి. సరిగ్గా వాడితే పెద్ద ప్రమాదాలు కనబడలేదు. కార్నియా మీద ఎలక్ట్రోడ్ పెట్టినప్పుడు కన్ను పొడిబారడం, నలక పడ్డట్టు ఉండటం లాంటివే ఎక్కువగా వచ్చాయి. ఉత్తుత్తి గుంపుతో పోల్చిన పరీక్షల్లోనూ కొంత మేలు కనబడింది. పొడి రకంలో పోయిన చూపు తెచ్చే మందు లేనప్పుడు, కొద్దిపాటి లాభం కూడా రోగికి పెద్దదే. ఇంత చవకైన భౌతిక పద్ధతిని వేల మందిపై పరీక్షించడానికి ఖర్చు పెట్టేవాళ్లు లేరు గనక రుజువు లేదంటున్నారు తప్ప, పనిచేయదని తేలలేదు కదా?

చివరి మాట సమంజసమైనదే. రుజువు లేకపోవడం, పనిచేయదని రుజువు కావడం ఒకటి కాదు.

అనుమానించేవాళ్లకూ బలమైన కారణాలున్నాయి. అమెరికా నేత్రవైద్యుల అకాడమీ 2004లోనే ఈ పద్ధతిని సమీక్షించి, ఏఎండీకి మేలు చేస్తుందని చెప్పడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదంది. తర్వాత వచ్చిన అధ్యయనాలు మెరుగైనా, ఒక్కోటి ఒక్కో పరికరంతో, ఒక్కో మోతాదుతో, ఒక్కో కాలవ్యవధితో జరిగాయి. కొన్నిటికి పరికరం తయారీదారులతో సంబంధం ఉంది. ఎక్కువ పరీక్షలు వారాలు, నెలల్లో ముగిశాయి. జబ్బేమో ఏళ్ల తరబడి నడుస్తుంది. మచ్చ పాకే వేగం తగ్గిందా అన్నది స్కాన్‌లో మిల్లీమీటర్లలో కొలవవచ్చు. ఆ కొలతను రోగి హుషారు మార్చలేదు. ఈ చికిత్స నిజంగా కణాలను కాపాడుతుంటే ఆ తేడా అక్కడ కనబడాలి. నా దృష్టిలో ఈ వాదంలో అసలు కీలకం చార్టు కాదు, ఆ స్కానే. ఏడాది రెండేళ్ల పాటు, ఉత్తుత్తి గుంపుతో కలిపి, ఆ కొలత తీసిన పరీక్ష వచ్చినప్పుడు మాట్లాడుకోవడానికి గట్టి సరుకు ఉంటుంది.

ఈ గందరగోళంలో తరచూ కలిసిపోయే ఇంకో చికిత్స ఉంది, ఫోటోబయోమాడ్యులేషన్. ఇందులో వాడేది కరెంటు కాదు, పసుపు, ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. పొడి ఏఎండీకి ఇలాంటి ఒక పరికరానికి అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 నవంబరులో అనుమతి ఇచ్చింది. దాన్ని చూపించి మైక్రోకరెంట్‌కు అనుమతి వచ్చిందని చెబితే అది తప్పు.

రెండో పని: నరాన్ని, మెదడును కదిలించడం

ఇక్కడ లక్ష్యం మాక్యులా కాదు. కళ్ల దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టి, దిశ మారే కరెంటును లయబద్ధంగా పంపిస్తారు. అది కంటినరం గుండా మెదడులో చూపు సంబంధిత భాగాలను కదిలించి, సగం పనిచేస్తున్న దారులను చురుకు చేస్తుందన్నది ఆలోచన. 2016లో జర్మనీ పరిశోధకులు 82 మంది మీద జరిపిన పరీక్షను ప్రచురించారు. చికిత్స పది రోజులు. దెబ్బతిన్న చూపు పరిధిలో వెలుగు చుక్కలను గుర్తించడం కరెంటు గుంపులో సగటున 24 శాతం, ఉత్తుత్తి గుంపులో 2.5 శాతం మెరుగైంది.

ఆ 82 మందికీ ఉన్నది కంటినరం దెబ్బతిన్న జబ్బు, అందులో నీటికాసులు (గ్లాకోమా) కూడా ఒకటి. వాళ్లది వైరు జబ్బు. ఏఎండీలో వైరు బాగానే ఉంటుంది, పోయేది వెలుగును పట్టుకునే చోటు. కాబట్టి ఈ ఫలితాన్ని మాక్యులా రోగికి చూపించడానికి వీల్లేదు.

మూడో పని: పోయిన కణాల స్థానంలో చిప్

2025 అక్టోబరు వార్తలోని చిప్ పేరు ప్రిమా. దీని వెనక స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ పలాంకర్ ఆలోచన ఉంది. నీరసించిన మనిషికి బలం మందు ఇవ్వడం వేరు, లేని మనిషి పనికి ఇంకొకరిని పెట్టుకోవడం వేరు. మైక్రోకరెంట్ మొదటిది, ప్రిమా రెండోది.

చిప్ 2 మిల్లీమీటర్ల చదరం, మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). దాని మీద 378 చిన్న సోలార్ గళ్లు ఉంటాయి. సర్జరీ చేసి దాన్ని మచ్చ కింద, ఫోటోరిసెప్టర్లు ఉండాల్సిన చోట పెడతారు. రోగి పెట్టుకునే కళ్లజోడులో కెమెరా ఉంటుంది. కెమెరా పట్టిన బొమ్మను కళ్లజోడు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుగా మార్చి చిప్ మీద వేస్తుంది. ప్రతి గడీ తన మీద పడ్డ వెలుగును కరెంటుగా మార్చి, పైనున్న బైపోలార్ కణాలను తట్టుతుంది. అవి బతికే ఉన్నాయి గనక సంకేతం మెదడుకు చేరుతుంది. బ్యాటరీ లేదు, కంట్లోంచి బయటికి వైరు లేదు. పక్క చూపు చెడకుండా ఉండటం దీని ప్రత్యేకత, ఎందుకంటే మామూలు వెలుగుకు మిగతా రెటీనా ఎప్పటిలాగే స్పందిస్తుంది.

దీనితో ఎంత స్పష్టంగా కనబడుతుందో లెక్క కట్టి చూడవచ్చు. చూపులో ఒక డిగ్రీ రెటీనా మీద సుమారు 300 మైక్రాన్లు. డిగ్రీలో అరవయ్యో వంతును ఒక నిమిషం అంటారు. అది 5 మైక్రాన్లు. 6/6 చూపు, అంటే మామూలుగా బాగున్న చూపు, ఉన్నవాళ్లు గుర్తుపట్టే అక్షరంలో ఒక్కో గీత వెడల్పు ఒక నిమిషం. చిప్ మీద గడి 100 మైక్రాన్లు, అంటే 20 నిమిషాలు. కాబట్టి జూమ్ లేకుండా చిప్ ఇవ్వగల స్పష్టత 6/120 దగ్గర ఆగుతుంది. చార్టు అక్షరం వెడల్పుకు ఐదు గీతలంత జాగా కావాలి, అంటే 5 గళ్లు. 2 మిల్లీమీటర్ల చిప్ మీద వరసకు 20 గళ్లు పడతాయి. ఒక్కసారికి పట్టేది 4 అక్షరాలు. కెమెరాలో 4 రెట్లు జూమ్ చేస్తే 6/30 సైజు అక్షరం కూడా దొరుకుతుంది, కానీ చిప్ మీద ఒక్కసారికి పట్టేది అప్పుడూ ఆ నాలుగే. అందుకే చదివేవాళ్లు తల మెల్లగా కదుపుతూ అక్షరాలు కూడబలుక్కోవాలి. దీనికి నెలల తరబడి సాధన కావాలి. కనబడేది నలుపు తెలుపుల్లో, రంగులుండవు.

ఫలితాలు వచ్చింది ఐదు యూరప్ దేశాల్లో 38 మందికి చిప్ అమర్చిన ప్రిమావేరా పరీక్షలో. ఏడాది పూర్తయ్యేసరికి పరీక్షించిన 32 మందిలో 26 మంది కనీసం 10 అక్షరాలు ఎక్కువ చదివారు. సగటు లాభం 25.5 అక్షరాలు, చార్టు మీద ఐదు వరసలు. ముందు చెప్పిన 12 అక్షరాల హెచ్చుతగ్గులకు ఇది రెట్టింపు. 27 మంది ఇంట్లోనూ చిప్‌తో చదువుకుంటున్నామన్నారు.

ఇంకో వైపు కూడా చూడాలి. 19 మందిలో కలిపి 26 తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. కంటి లోపలి ఒత్తిడి పెరగడం, రెటీనా కింద రక్తస్రావం లాంటివి. ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లో వచ్చి తర్వాత సర్దుకున్నాయి. ఈ పరీక్షలో ఉత్తుత్తి గుంపు లేదు. ప్రతి మనిషినీ పరికరం లేకుండా, పరికరంతో చదివించి పోల్చారు. కాబట్టి లాభంలో జూమ్ వాటా ఎంత, చిప్ వాటా ఎంత అని అడగడం న్యాయమే. దానికి జవాబుగా పరిశోధకులు చెప్పేది, మచ్చ మధ్యలో అసలేమీ కనబడని చోట ఎంత జూమ్ చేసినా ఉపయోగం లేదని, అక్కడ మళ్లీ చూపు పుట్టించింది చిప్పేనని. ఇది ఎవరికి పనికిరాదో కూడా స్పష్టం. మచ్చ ముదిరి నడిమి చూపు దాదాపు పోయినవాళ్ల కోసమే దీన్ని చేశారు. డ్రూసెన్ మాత్రమే ఉండి ఇంకా చదవగలుగుతున్నవాళ్లకు దీంతో పని లేదు.

కంట్లో పెట్టుకున్న పరికరానికి దిక్కెవరు

చిప్ విషయంలో వైద్యానికి బయట ఉన్న ప్రశ్న ఒకటి ఉంది. అది నన్ను బాగా కలవరపెడుతుంది. ప్రిమాకు ముందు ఆర్గస్ 2 అనే ఇంప్లాంట్ వచ్చింది, 60 ఎలక్ట్రోడ్లతో. 2013లో దానికి అమెరికాలో రెటినైటిస్ పిగ్మెంటోసా కోసం అనుమతి దొరికింది. 2015లో మాంచెస్టర్‌లో దాన్ని పొడి ఏఎండీ రోగుల మీద కూడా ప్రయత్నించారు. ప్రపంచం మొత్తంలో 350 మందికి పైగా దాన్ని అమర్చుకున్నారు. 2019లో కంపెనీ దాని తయారీ ఆపేసింది, ఆ తర్వాత ఆర్థికంగా కుదేలైంది. కళ్లజోడు పాడైతే బాగుచేసేవాళ్లు లేక, కొందరు పనిచేయని పరికరాన్ని కంట్లో మోస్తూ మిగిలిపోయారు. ప్రిమా మొదట పిక్సియం విజన్ అనే ఫ్రెంచి కంపెనీది. అది కూడా డబ్బుల్లేక చేతులెత్తేస్తే, 2024లో సైన్స్ కార్పొరేషన్ అనే అమెరికా కంపెనీ ఆ చిప్ పనిని కొనుక్కుంది. తర్వాతి పదేళ్లు మరమ్మతు చేసే బాధ్యత ఎవరిది, కంపెనీ మునిగిపోతే ఏమవుతుంది అన్నది ఇలాంటి సర్జరీల ఒప్పుకోలు పత్రంలో ఉండాల్సిన సంగతి.

మైక్రోకరెంట్‌లో ఆ భయం లేదు, మెషీన్ తీసేస్తే అయిపోతుంది. అక్కడి ప్రమాదం వేరే రకం. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లను, మూర్ఛ ఉన్నవాళ్లను ఇలాంటి పరీక్షల్లోకి మామూలుగా తీసుకోరు. రక్తనాళాలు కారుతున్న తడి రకం కళ్లను కూడా పొడి రకం పరీక్షల్లో పక్కన పెడతారు. ఇంటికి తెచ్చుకున్న మెషీన్ దగ్గర ఆ వడపోత ఉండదు. అంతకంటే పెద్ద నష్టం కాలం. పొడి రకం తడి రకంగా మారినప్పుడు గీతలు వంకరగా కనబడతాయి, మధ్యలో కొత్తగా మసక కమ్ముతుంది. అప్పుడు రోజుల్లో ఇంజెక్షన్ మొదలైతే చూపు చాలావరకు నిలుస్తుంది. 'కరెంటు చికిత్స మొదలుపెట్టాం కదా, మొదట్లో ఇలాగే ఉంటుందేమో' అని నెల రోజులు ఆగితే, ఆ మధ్యలో ఏర్పడే మచ్చను తర్వాత ఏ ఇంజెక్షనూ చెరపలేదు.